ఇంటికి వెళ్లకుండా రాసిన వార్త

విలేకరి పని మానేసి నాలుగేళ్లు కావస్తోంది. ఇప్పటికీ కోరుట్ల బస్టాండు ముందు టీ తాగుతుంటే, కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు నా బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంటారు. "సార్, మీ సర్వీసులో పెద్ద స్టోరీ ఏది?" అని అడుగుతారు. ఏ కుంభకోణమో, ఏ పెద్దమనిషి గుట్టో బయటపెట్టి ఉంటానని వాళ్ల ఆశ. నా దగ్గర అలాంటివి లేవు. ఇరవై రెండేళ్లు నేను రాసినవి ఎక్కువగా పసుపు ధర, పొంగిన మురికి కాలువ, గ్రామసభ, చావు. తప్పులు కూడా చాలానే రాశాను. వాటిలో ఒక తప్పు వల్ల ఒక తల్లి బతికున్న కొడుకు కోసం ఒక పగలంతా ఏడ్చింది. మీకు చెప్పదగ్గది నా దగ్గర అదొక్కటే ఉంది. విసుగు లేకపోతే వినండి.

అది పసుపు ఉడకబెట్టే కాలం. సోమవారం పొద్దున్నే పసుపు పనికి పోతున్న ఆడకూలీల ఆటో బోల్తా పడి ముగ్గురు అక్కడికక్కడే పోయారు. మంగళవారం వరద కాలువలో ఈతకు దిగిన ఇద్దరు కాలేజీ విద్యార్థులు తేలలేదు. బుధవారం పొద్దున సిరిసిల్ల నుంచి తోటి విలేకరి ఫోన్ చేశాడు. మరమగ్గాల షెడ్డులో కరెంటు కొట్టి ఒక కార్మికుడు పోయాడట, అత్తగారి ఊరు మా దిక్కేనట, వెళ్లి ఫొటో సంపాదించమని.

ఫొటో సంపాదించడం మా పనిలో అన్నిటికంటే చేదు పని. ఏడుస్తున్న ఇంట్లోకి వెళ్లి, ఎవరో ఒకరిని పక్కకు పిలిచి, ఆధార్ కార్డు మీదిదో పెళ్లి ఆల్బమ్‌లోదో అడగాలి. మొదట్లో గుమ్మం దగ్గరే నిలబడిపోయేవాణ్ని. ఆ వారం మూడో రోజుకు నాకు ఏడుపు వినబడటం మానేసింది. కరెంటు కొట్టి పోయినతని మామ నా చేయి పట్టుకుని ఏదో చెబుతుంటే, నేను ఆయన భుజం మీదుగా గోడకున్న ఫొటో మసకగా వస్తుందా, బాగా వస్తుందా అని చూస్తున్నాను. నేను చెడ్డవాణ్ని కాదనే ఇప్పటికీ అనుకుంటాను. అలసిపోయాను. కానీ అలసట ఎంత పని చేయిస్తుందో మీరూ ఒకరోజు చూస్తారు.

బస్టాండు వెనుక ఫొటో స్టూడియో నడిపే మిత్రుడొకడు నాకుండేవాడు. మా దిక్కు నుంచి గల్ఫ్ పోయేవాళ్లకు పాస్‌పోర్టు ఫొటోలు దింపేది అతనే. చనిపోయినవాళ్లకు దండ వేసిన ఫ్లెక్సీలు కొట్టిచ్చేదీ అతనే. "పోయేటప్పుడు నా దగ్గర్నే దిగుతరు, పోయినంక నా దగ్గరికే వస్తరు" అనేవాడు. అంటూ నవ్వేవాడు. ఆ వారం నవ్వలేదు. సోమవారం నుంచి అతని యంత్రం ఆగలేదు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి వాట్సాప్‌లో ఒక లిస్టు వచ్చింది. గల్ఫ్‌లో ఒకచోట కార్మికులు ఉండే క్యాంపులో నిప్పంటుకుంది. అక్కడ మనవాళ్లకు సాయం చేసే పెద్దాయన ఒకరు చనిపోయినవాళ్ల పేర్లు పంపారు. అందులో ఒక పేరు పక్కన 'కరీంనగర్ జిల్లా' అని ఉంది. అంతే. పాత పాస్‌పోర్టులన్నింటి మీదా అలాగే ఉంటుంది. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలు విడివడక ముందు తీసుకున్నవి కదా.

ఆ పేరున్న మనిషి ఒకడు మల్లాపూర్ మండలంలో ఒక ఊరి నుంచి గల్ఫ్ పోయాడని నాకు గుర్తొచ్చింది. ఆ ఊరి వార్డు మెంబరుకు ఫోన్ చేశాను.

"ఆ కంపెనీలనే చేస్తడు సారు. రెండ్రోజుల సంది ఫోన్ స్విచాఫ్ వస్తున్నదని ఆల్ల ఇంటోళ్లు పరేషాన్ల ఉన్నరు" అన్నాడు.

పేరు కలిసింది. కంపెనీ కలిసింది. ఫోన్ స్విచాఫ్. నాకు అది చాలింది. స్విచాఫ్ అంటే స్విచాఫ్ అనే అర్థం, చావని కాదు. ఈ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా చెబుతున్నానో చూడండి.

ఇంటికి వెళ్లాలి. వెళ్లలేదు. అప్పటికే మూడు రోజులుగా ఆరు ఇళ్లు తిరిగాను, ఏడో ఇంటి గడప ఎక్కడానికి ఒళ్లు రాలేదు. పైగా ఫొటో కోసం ఇంటికి పోవలసిన అవసరం కూడా లేకపోయింది. స్టూడియో మిత్రుడి కంప్యూటరులో అతని పాస్‌పోర్టు ఫొటో ఉంది. నీలం చొక్కా, నూనె రాసి దువ్విన తల. సాయంత్రం ఆరింటికి వార్త, ఫొటో కలిపి డెస్కుకు పంపాను. మర్నాడు జిల్లా పేజీలో పైన వచ్చింది.

మర్నాడు అంటే గురువారం. పది గంటలకు ఆ ఊరు వెళ్లాను. పశ్చాత్తాపంతో కాదు. 'శోకసంద్రంలో కుటుంబం' అనే రెండో రోజు వార్త కోసం వెళ్లాను.

వాళ్లది తరతరాలుగా భూమి లేని కుటుంబం. కూలి పని. ఆ వాడకట్టులో రేకుల కప్పుతో ఒక చిన్న చర్చి ఉంది, వాళ్లు అక్కడికే వెళతారు. తల్లి ఆ పొద్దున సద్ది కట్టుకుని పసుపు పనికి ట్రాలీ ఎక్కిందట. ట్రాలీలో ఉన్న ఒకామె ఫోనులో పేపరు చూసి, చెప్పలేక, ఫోన్ ఆమె చేతికిచ్చింది. చదువు రాని మనిషి. ఫొటో చూసింది.

నేను వెళ్లేసరికి ఇంటి ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. కోడలు గోడకు ఆనుకుని, మూడేళ్ల పాపను ఒళ్లో పెట్టుకుని, ఎటో చూస్తోంది. తల్లి ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, గడప మీద కూర్చుని ఉంది. ఎవరో నన్ను చూపించారు.

"పేపర్ల రాసిన సారు నువ్వేనా?"

"అవునవ్వా."

తిడుతుందనుకున్నాను. కుర్చీ వేయమని ఎవరికో చెప్పింది.

"నా కొడుకును నువ్వు జూసినవా సారు?"

"లేదవ్వా. గంత దూరం నేనెట్ల జూస్త. లిస్టుల పేరచ్చింది."

"లిస్టు రాసినాయన జూసిండా?"

"ఆయనకు కంపెనీ వాళ్లు చెప్పి ఉంటరు."

"ఉంటరు అంటున్నవు. చెప్పిండ్రా?"

ఆమె గొంతులో కోపం లేదు. తెలియని విషయం తెలిసినవాణ్ని అడుగుతున్నట్టే అడుగుతోంది.

"మా ఊళ్లె ఒక మనిషి పోతే, నలుగురు పోయి, జూసి, చూసినమన్నంకనే డప్పు గొడుతరు. నా కొడుకును ఎవ్వలు జూసిండ్రో జెప్పు. పేరు జెప్పు. నేను గాయన్నే అడుగుత."

పక్కన ఒక ముసలాయన "ఊకో అవ్వా, సారేం జేస్తడు" అన్నాడు. ఆ మాట నన్ను కాపాడటానికి అన్నాడు గానీ, నాకు దెబ్బలాగే తగిలింది. సారేం చేస్తాడు? సారు చేయవలసింది ఒక్కటే ఉండింది, అది నిన్న చేయలేదు.

కోడలి వైపు తిరిగి, "పాస్‌పోర్టు జిరాక్సు ఏమన్న ఉన్నదా చెల్లె?" అని అడిగాను. ఆమె లేచి లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన కాగితం తెచ్చింది. దాన్ని ఫొటో తీసి లిస్టు పంపిన పెద్దాయనకు పంపాను. ఫోన్ కూడా చేశాను. "చనిపోయినతని పాస్‌పోర్టు నంబరు మీ దగ్గర ఉందా?" అంటే, "నా దగ్గర లేదు. ఆస్పత్రి వాళ్లనడగాలె. టైం వడ్తది. అయినా నువ్వు అప్పుడే వార్త రాసినవా ఏంది?" అన్నాడు. రాశానని చెప్పాను. "మీరెవ్వలన్న గట్టిగ తెల్సుకొని చెప్తరనే గ్రూపుల వెట్టిన. మీరు గింత జల్ది చేస్తరనుకోలె" అన్నాడు.

ఆ పదకొండు గంటల నుంచి సాయంత్రం ఐదింటి దాకా నేను ఆ ఊరు విడిచిపోలేదు. వెళ్లిపోవచ్చు, ఫోన్ ఎక్కడున్నా మోగుతుంది. కానీ వెళ్లబుద్ధి కాలేదు. చర్చి అరుగు మీద కూర్చున్నాను. లోపల ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు, సాగదీసి, ఒకరు అలసిపోతే మరొకరు అందుకుంటూ. ఒంటిగంట దాటాక ఒక పిల్ల పళ్లెంలో అన్నం, పచ్చిపులుసు తెచ్చింది. "పెద్దవ్వ పంపింది. సారు తిన్నడా అని అడిగింది" అంది. కొడుకు పోయాడనుకుంటున్న తల్లి, పోయాడని రాసినవాడి ఆకలి గుర్తుపెట్టుకుంది. ఆ అన్నం ఎలా తిన్నానో నాకు తెలియదు. తిన్నాను మాత్రం.

మూడింటికి స్టూడియో మిత్రుడు తన పాత కారులో వచ్చాడు. చుట్టాలెవరో ఫోన్ చేసి ఫ్లెక్సీ చెప్పారట. చుట్టిన ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని దిగాడు. ఎదురెళ్లి చేయి పట్టుకున్నాను.

"విప్పకు. డిక్కీల వెట్టు."

"ఏమైందే?"

"ఏమైందో ఇంకా తెల్వది. నువ్వైతే విప్పకు."

నా ముఖం చూసి డిక్కీలో పెట్టి, వచ్చి నా పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. ఇద్దరం సిగరెట్టు కూడా తాగలేదు.

ఐదింటికి మెసేజి వచ్చింది. ఆస్పత్రిలో ఉన్న శవం పాస్‌పోర్టు నంబరు. చివరి నాలుగు అంకెలు కలవలేదు. తండ్రి పేరు వేరు. ఊరు రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలంలోది. పేరొక్కటే ఒకటి.

రెండుసార్లు చదివి, మిత్రుడితో చదివించి, అప్పుడు లేచాను. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను. "అవ్వా, ఆ పోయిన మనిషి నీ కొడుకు గాదు. నంబర్ వేరే ఉన్నది. నీ కొడుకు ఎక్కడున్నడో ఇంకా తెల్వది గని, ఆయన మాత్రం గాదు."

ఇంటి ముందు ఒక్కసారిగా గోల. కోడలు పాపను గట్టిగా పట్టుకుని అప్పుడు ఏడ్చింది, అంతదాకా ఏడవనిది. చర్చి పాస్టరు గారు రెండు చేతులూ ఎత్తి, "అందరం మోకాళ్లూనుదాం, దేవునికి స్తోత్రం చెల్లిద్దాం" అన్నారు.

ఆ తల్లి చేయి అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి అయ్యగారు. ఇప్పుడు స్తోత్రం జెప్తే, గా ఇంటోళ్ల కొడుకు పోయినందుకు జెప్పినట్టయితది." తర్వాత నావైపు తిరిగింది. "మరి ఎవ్వలు సారు? ఎవ్వల కొడుకు?"

ఊరు చెప్పాను.

"ఆల్లకు తెల్సునా?"

తెలియదు. పెద్దాయన నాకు మెసేజిలో రాసిన చివరి మాట అదే: 'వాళ్ల ఇంటికి ఇంకా ఎవరూ చెప్పలేదు. మీరు ఆ దిక్కే కదా, కొంచెం చూడగలరా?'

ఆరింటికి డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. సంగతి చెప్పాను. మా ఇన్‌చార్జి తల పట్టుకున్నట్టు వినబడింది.

"మరి చనిపోయింది ఎవరు?"

"తెల్సింది సర్. రేపు పంపుత."

"ఇప్పుడే పంపు. రేపటికి అందరి దగ్గరా ఉంటుంది."

"ఆల్లింటికి ఇంకా తెల్వదు సర్."

"తెలియజేయడమే కదా మన పని."

ఫోన్ పెట్టేశాను. డెస్కు ఫోన్ నేనుగా పెట్టేయడం నా సర్వీసులో అదొక్కసారే. ఆయన కూడా చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం ఆయన ముందు పదకొండు చావులున్నాయి, పేజీ ఒకటే ఉంది.

శుక్రవారం పొద్దున ఏడింటికి, బోయినపల్లి వెళ్దామని మిత్రుడి కారులో మళ్లీ ఆ ఊరు వెళ్లాం. ఆ తల్లి రాత్రే చెప్పేసింది, నేనూ వస్తానని. వెళ్లేసరికి ఇల్లంతా సందడిగా ఉంది. కొడుకు వీడియో కాల్ చేశాడు. ఎడారిలో ఎక్కడో పైపులైను పనికి పంపారట, సిగ్నలు లేదట, నిన్న అర్ధరాత్రి క్యాంపుకు వచ్చి చూస్తే క్యాంపే లేదట. నా మిత్రుడు ఉండబట్టలేక ఫోన్ అందుకున్నాడు.

"తమ్మీ, నీ ఫ్లెక్సీ నా డిక్కీల ఉన్నదిరా."

అవతల అతను ఫోన్ ముఖం దగ్గరకు తెచ్చుకున్నాడు. "దండేసినవా అన్నా?"

"ఏసిన."

"మంచిగ కనవడుతున్ననా?"

ఆ వారంలో మొదటిసారి మనుషులు నవ్వడం విన్నాను. నవ్వుతూనే అతని ముఖం మారిపోయింది. పోయినవాడు తన స్నేహితుడేనని, ఒకే పేరు కాబట్టి క్యాంపులో ఇద్దరినీ కలిపి పిలిచేవారని, ఒకే కంచంలో తిన్నామని చెప్పాడు. "నేను పోవాల్సిన షిఫ్టు, ఆడు పోవాల్సిన షిఫ్టు అని ఏం లేదన్నా. ఊకె గట్లయింది" అన్నాడు. అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తల్లి స్టీలు క్యారియరులో అన్నం, పప్పు కట్టుకుని కారెక్కింది.

"తెల్వనోళ్లింటికి సద్ది వట్టుకొని పోతమా అవ్వా?" అన్నాడు మిత్రుడు.

"తెలిసినంక ఆల్లింట్ల పొయ్యి ముట్టియ్యరు. పసిపిల్లలుంటరు, ముసలోళ్లుంటరు. ఎవ్వలన్న తినవెట్టాలె గద" అంది. క్యారియరు కారులోనే ఉంచాలని, తాను చెప్పినప్పుడు తేవాలని కూడా చెప్పింది.

కథలాపూర్, వేములవాడ దాటి వెళ్లాం. దారిలో ఆమె ఒకే ఒక్కసారి అడిగింది. "సారు, గిసొంటి ఇండ్లకు పోతవు గద. వార్త రాసినంక మల్ల ఎప్పుడన్న పోయినవా?"

"లేదవ్వా."

"ఒక్కింటికన్న?"

"లేదు."

ఆమె కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. నన్ను తప్పుపట్టలేదు. తప్పుపట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ ఊళ్లో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తండ్రి తాళ్లెక్కి కల్లు గీసే మనిషి, ఆ వేళకు చెట్ల దగ్గరే ఉన్నాడు. వాకిట్లో కోడలు చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల్లి చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి ఇద్దరూ లేచారు. నేను నోరు తెరవబోయాను. ఆమె నా చేయి నొక్కింది.

"ఇంటి పెద్దమనిషి రానీ సారు."

ఎవరినో పంపి అతన్ని పిలిపించింది. అతను వచ్చేదాకా, చుట్టంలా ఆ తల్లి పక్కనే కూర్చుని చింతపండు అందుకుంది. తమది మల్లాపూర్ దిక్కని, తన కొడుకు కూడా అదే కంపెనీలో ఉన్నాడని చెప్పింది. కొడుకు పేరు చెప్పింది.

"అయ్యో, మా పోరనిది గూడ గదే పేరు!" అని ఆ తల్లి నవ్వింది. "రెండు దినాల సంది ఫోన్ కలుస్తలేదు. మీ కొడుకు ఏమన్న జెప్పిండా అక్కా?"

నేను వాకిలి దాటి వీధిలోకి వచ్చేశాను. మిత్రుడు కారులో తల వాల్చుకుని కూర్చున్నాడు. ఇంకా పావుగంట. ఆ పావుగంట ఆమె ఆ గింజలు తీస్తూ, ఆ నవ్వు చూస్తూ ఎలా కూర్చుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తండ్రి భుజాన చెట్టెక్కే మోకు వేసుకుని వచ్చాడు. నేను అతని వెనకే లోపలికి వెళ్లాను. ఆమె ముందు కోడలితో, "చాట పక్కకు వెట్టు బిడ్డా" అంది. తర్వాత ఆ తల్లి చేతులు రెండూ పట్టుకుంది. ఇద్దరి చేతులకూ చింతపండు జిగురే.

"చెల్లే, నిన్న పొద్దుగాల నా కొడుకు సచ్చిండని నాకు జెప్పిండ్రు. మాపటి దాంక ఏడ్సిన. మాపటికి, నీ కొడుకు గాదు అన్నరు." కాస్త ఆగింది. "మరి ఎవ్వల కొడుకని అడిగిన. గది అడిగే మీ ఇంటికచ్చిన."

ఆ తల్లి ఎదుటి ముఖంలోకి అలా చూస్తూనే ఉంది, ఇంకో మాట వస్తుందేమో అన్నట్టు. తండ్రి భుజం మీది మోకు తీసి, నెమ్మదిగా, ఎవరికీ తగలకుండా నేల మీద పెట్టాడు. కోడలు నావైపు చూసి, "ఫోన్ల చార్జింగ్ లేకపోవచ్చు సారు" అంది. "ఎప్పుడు గట్లనే చేస్తడు. చార్జింగ్ వెట్టుకోడు."

ఆ తర్వాత జరిగింది రాయను. ఆమె వాళ్లను వదలకుండా పట్టుకునే ఉంది. ఒక గంట తర్వాత నాకు సైగ చేసింది, క్యారియరు తెమ్మని. అప్పటికి సంగతి తెలియని ఒక పసివాడు, ముసలి నాయనమ్మ ఆ ఇంట్లో ఆకలితో ఉన్నారు. వాళ్లకు తనే ముద్దలు కలిపి పెట్టింది.

మేం బయల్దేరుతుంటే వాకిలి దాకా వచ్చింది. తాను రానని, నాలుగు రోజులు ఉంటానని చెప్పింది. "ఆదివారం చర్చికి ఎట్ల మరి?" అని మిత్రుడు ఏదో అనాలని అన్నాడు. "దేవునికి తెల్వదా నేనేడున్ననో" అంది. తర్వాత నాతో, "ఇగ రాసుకో సారు" అంది.

ఆ సాయంత్రం రాశాను. పేరు, ఊరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు సరిచూసిన సంగతి. శనివారం పేపరులో లోపలి పేజీ అడుగున రెండు లైన్ల సవరణ వచ్చింది, 'పొరపాటుకు చింతిస్తున్నాం' అని. చింతించిన మనిషి ఎవరో అందులో ఉండదు. నన్ను మల్లాపూర్ మండలం వార్తల నుంచి మూడు నెలలు తప్పించారు. న్యాయమే. నిజానికి ఆ మూడు నెలల్లోనే నేను ఆ మండలంలో ఎక్కువగా తిరిగాను, వార్తలతో పని లేకుండా.

నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు. ఆ వారం తర్వాత వచ్చిందని కూడా చెప్పను. ఆ తల్లికి ఉన్న నమ్మకం ఎలాంటిదో మాత్రం దగ్గర నుంచి చూశాను. తన కొడుకును బతికించమని ఆమె ఎవరినీ అడగలేదు. ఎవరు చూశారో చెప్పమంది. తనకు మంచి జరిగితే, అదే వేళ ఎవరికి చెడు జరిగిందని అడిగింది. అడిగి ఊరుకోకుండా క్యారియరు కట్టుకుని బయల్దేరింది. అంత చావుల వారంలో నాకు దొరికిన ఊరట అంతే. పళ్లెంలో వచ్చిన ఆ పచ్చిపులుసు అన్నం, ఒక నవ్వు, కారులో ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్న. వార్తలు ఆ వారంతో ఆగలేదు, మీకు తెలుసు. తర్వాత ఇంకా మూడేళ్లు చావులు రాశాను. ఇంటికి వెళ్లకుండా మాత్రం ఒక్కటీ రాయలేదు. దానివల్ల ఎన్నోసార్లు వెనకబడ్డాను. డెస్కు తిట్టింది. ఫరవాలేదు, వెనకబడండి.

శవం రావడానికి ఇరవై రోజులు పట్టింది. హైదరాబాద్ నుంచి అంబులెన్సు పొద్దున పది గంటలకు బోయినపల్లి మండలంలోని ఆ ఊరు చేరింది. మేమిద్దరం ముందే వెళ్లి ఉన్నాం. మల్లాపూర్ తల్లి ముందురోజే వచ్చి ఆ ఇంట్లో ఉంది. పెట్టెతో పాటు కంపెనీ ఒక మనిషిని తోడు పంపింది. అంబులెన్సు ముందు సీటులోంచి అతను దిగాడు. బక్కచిక్కి, గడ్డం పెరిగి ఉన్నాడు. నీలం చొక్కా ఫొటోలో, వీడియో కాల్‌లో చూసిన ముఖం కాబట్టి నేను గుర్తుపట్టాను. శవాన్ని గుర్తించి సంతకం పెట్టింది, కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది, పెట్టె పక్కనే విమానమెక్కింది అతనే.

అతని తల్లి వాకిట్లోనే ఉంది. మూడేళ్ల తర్వాత కొడుకును చూడటం. ఒకడుగు ముందుకు వేసింది. వేసి, పక్కన గోడ పట్టుకుని నిలబడ్డ ఆ ఇంటి తల్లిని చూసి, అక్కడే ఆగిపోయింది. కొడుకు కూడా తన తల్లి వైపు రాలేదు. పెట్టె దించడానికి చేయి వేశాడు, నలుగురితో కలిసి వాకిట్లో పెట్టాడు, తల వంచుకుని పెట్టె కాళ్ల దిక్కున నిలబడ్డాడు.

చూపులయ్యాయి, ఏడుపులయ్యాయి. ఎత్తే ముందు, పోయినవాడి తల్లి లేచి అతని దగ్గరకు నడిచింది. అతని ముఖం రెండు చేతుల మధ్య పట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత పేరు పెట్టి పిలిచింది. అది అతని పేరే. ఆమె పిలిచింది అతన్నేనా, పెట్టెలో ఉన్నవాణ్నా, అక్కడున్న ఎవరికీ తెలియదు.

అతను ఒక్కసారి తన తల్లి వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"ఓ అవ్వా," అని ఆ పిలుపుకు పలికాడు.